పుట్టకీ పుట్టుకకీ ముడిపెట్టకండి

2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిల్ కుల వివక్షని నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఎస్.బి. 403 బిల్లుని ఆమోదించింది, అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ దాన్ని వీటో చేశాడు. అప్పటి నుంచీ మనవాళ్ళ వారాంతపు విందుల్లో ఒక కొత్త వాదన తరచు వినబడుతోంది. అది ఇలా సాగుతుంది: "కులం అనేది మనుషులు కల్పించింది కాదండీ, అది ప్రకృతిలోనే ఉంది. చెదపురుగులని చూడండి. రాజు, రాణి, సైనికులు, పనివాళ్ళు! ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు, ఎవరికీ గొడవ లేదు. కోట్ల ఏళ్ళుగా చక్కగా నడుస్తోంది. సైంటిస్టులు కూడా దాన్ని కాస్ట్ సిస్టమ్ అనే అంటారు కదా!"

ఈ మాట అనేవాళ్ళు చదువురానివాళ్ళు కాదు. వాళ్ళలో డాక్టర్లు, ఇంజనీర్లు, యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. అందుకే నవ్వి ఊరుకోకుండా జవాబు చెప్పాల్సిన అవసరం ఉంది. చెదలని సాక్ష్యానికి పిలిచింది వాళ్ళు. సరే, ఆ సాక్షి ఏం చెబుతుందో పూర్తిగా విందాం. సగం విని తీర్పు చెప్పెయ్యడం న్యాయం కాదు కదా!

కాస్ట్ అనే మాట ఎటు నుంచి ఎటు వెళ్ళింది?

ముందుగా ఆ "సైంటిస్టులే అన్నారు" సంగతి చూద్దాం. కాస్ట్ అనే మాటకి మూలం కాస్టా అనే పోర్చుగీసు మాట. జాతి, వంశం అని దాని అర్థం. 16వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన పోర్చుగీసులు ఇక్కడి సమాజాన్ని చూసి ఆ మాట వాడారు. ఆ తర్వాత ఎప్పుడో 19వ శతాబ్దంలో కీటకాలని చదివేవాళ్ళు చీమలకీ, చెదలకీ అదే మాట అరువు తెచ్చుకున్నారు. అంటే పురుగుల నుంచి మాట మన దగ్గరికి రాలేదు, మన నుంచే పురుగుల దగ్గరికి వెళ్ళింది. ఇప్పుడు మనం ఆ అరువు మాటని పట్టుకుని "చూశారా, పురుగుల్లో కూడా ఉంది!" అంటున్నాం. మన జేబులోంచి పడిన నోటుని మనమే ఏరుకుని, భూమిలో డబ్బు పండింది అన్నట్టుంది ఈ వ్యవహారం.

పుట్టలోకి తొంగిచూసిన ప్రతివాడికీ తన సమాజమే కనబడటం మామూలే. హెన్రీ స్మీత్‌మన్ అనే ఇంగ్లీషువాడు పశ్చిమ ఆఫ్రికాలోని చెదల గురించి 1781లో లండన్ రాయల్ సొసైటీకి ఒక పెద్ద వ్యాసం ఇచ్చాడు. అందులో కూలివాళ్ళు, సైనికులు, వాళ్ళపైన పనీ పోరాటమూ లేని ప్రభువర్గం అని మూడు అంతస్తులు చెప్పాడు. రాజూ రాణీ సరేసరి. అచ్చంగా ఆనాటి ఇంగ్లండు! బెల్జియం రచయిత మారిస్ మేటర్లింక్ 1926లో చెదల మీద పుస్తకం రాస్తే, అందులో వ్యక్తిని నలిపేసే ఒక భయంకరమైన సమష్టి రాజ్యం కనబడింది. (ఆ పుస్తకంలో సరుకు తనదేనని దక్షిణాఫ్రికా రచయిత యూజీన్ మరాయిస్ ఆరోపించాడు, అది వేరే కథ.) మనవాళ్ళకి అదే పుట్టలో చాతుర్వర్ణ్యం కనబడుతోంది. ముగ్గురూ పుట్టలో చూసింది అద్దమే.

మనకి దగ్గరి పేరు ఇంకొకటి ఉంది. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే డాక్టరు తరంగంబాడి మిషన్‌లో పని చేస్తూ, దక్షిణ భారతంలోని చెదల గురించి 1779లోనే రాశాడు. పుట్ట లోపల చెదలు పెంచే బూజుతోటల సంగతి కూడా అందులో ఉంది. ఆయన 1785లో మన కాకినాడ పక్కన జగన్నాథపురంలో చనిపోయాడు. పుట్టని తవ్వి చూసే శాస్త్రం మన గడ్డ మీద దాదాపు రెండున్నర శతాబ్దాల నాటిది. దాన్ని వదిలేసి వాట్సాప్‌లో వచ్చిన ముక్క పట్టుకోవడం దేనికి?

పుట్టలో ఎవరు ఎవరికి పుడతారు?

అసలు విషయానికి వద్దాం. మన దేశంలో కులం అంటే ఏమిటి? ఒక్క ముక్కలో చెప్పాలంటే, తండ్రి ఏదో కొడుకూ అదే. చెప్పులు కుట్టేవాడి కొడుకు చెప్పులు కుట్టేవాడే. చదువు మానేసినా, వేదం ముక్క రాకపోయినా, పురోహితుడి కొడుకు ఆ కులంవాడే. పనిని బట్టి కులం కాదు, పుట్టుకని బట్టి కులం. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అయినా, హార్ట్ సర్జన్ అయినా ఆ చీటీ ఊడదు.

ఇప్పుడు పుట్ట చూడండి. అందులో రాణి ఉంది, రాజు ఉన్నాడు, సైనికులు, పనిచెదలు, వానాకాలంలో రెక్కలతో ఎగిరే ఉసిళ్ళు ఉన్నాయి. వీళ్ళందరూ ఎవరి పిల్లలు? మామూలు పుట్టలో అందరూ ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టినవాళ్ళు! పనిచెద సైనికుడికి తోబుట్టువు, ఉసిలికి తోబుట్టువు. పనిచెదకి పుట్టి పనిచెద అయినది ఒక్కటీ లేదు. పనిచెదగా ఉన్నంతకాలం దానికి పిల్లలే ఉండరు. సైనికుడికి అసలే ఉండరు. కాబట్టి "తాతల నాటి నుంచీ మా వంశంలో అందరం సైనికులమే" అని మీసం తిప్పే సైనిక చెద ఈ భూమ్మీద పుట్టలేదు.

మరి ఏది ఏమవుతుందో ఎవరు తేలుస్తారు? చెదపిల్ల తన ఒంట్లో ఉండే జువెనైల్ హార్మోన్ మోతాదుని బట్టి, తిండిని బట్టి, చుట్టూ ఉన్నవాళ్ళు వదిలే ఫెరోమోన్ వాసనలని బట్టి రూపం మార్చుకుంటుంది. ప్రయోగశాలలో ఆ హార్మోన్‌లాంటి మందు పెడితే పనిచెదలు సైనికులుగా మారడం శాస్త్రవేత్తలు ఎన్నోసార్లు చూశారు. పుట్టలో సైనికులు సరిపడా ఉంటే కొత్త సైనికులు తయారు కావడం తగ్గుతుంది, సైనికులు చస్తే మళ్ళీ పెరుగుతుంది. ఖాళీ పడితే భర్తీ, అంతే.

అమెరికాలో ఇల్లు కొన్నప్పుడు మనం టర్మైట్ ఇన్‌స్పెక్షన్ చేయించుకుంటాం. తూర్పు రాష్ట్రాల ఇళ్ళలో ఎక్కువగా దొరికేది రెటిక్యులిటెర్మెస్ అనే రకం. ఈ రకంలో రాణి పోతే, పుట్టలో పని చేసుకుంటున్నవాటిలోంచే కొన్ని పెరిగి రాజు, రాణి స్థానంలోకి వస్తాయి. పొడి చెక్కలో ఉండే రకాల్లో అయితే ఇంకా విడ్డూరం. వాటి పనివాళ్ళని 1947లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు గ్రాసే, న్వారోలు "ఉత్తుత్తి పనివాళ్ళు" అనే అర్థం వచ్చే పేరు పెట్టి పిలిచారు. ఎందుకంటే అవి పనివాళ్ళుగా ఉండిపోవచ్చు, సైనికులు కావచ్చు, రెక్కలు తొడిగి ఎగిరిపోవచ్చు, పుట్టలోనే ఉండి పిల్లల్ని కనవచ్చు. సగం పెరిగిన రెక్కల్ని పోగొట్టుకుని వెనక్కి కూడా రావచ్చు!

ఈ వ్యవస్థని చూపించి, మురుగు గుంటలో దిగే మనిషి కొడుకు కూడా అదే గుంటలో దిగడం ప్రకృతి సహజం అంటారా?

రాణి ఏలదు, పనివాడు అంటరానివాడు కాడు

రాణి అనగానే మనకి సింహాసనం గుర్తొస్తుంది. పుట్ట చెదల రాణి పరిస్థితి ఏమిటో తెలుసా? గట్టి మట్టి గదిలో, వేలెడంత ఉబ్బిన పొట్టతో, కదల్లేక పడి ఉంటుంది. రోజుకి వేల గుడ్లు పెడుతుంది. తిండి ఇంకొకరు నోట్లో పెట్టాలి, ఒళ్ళు ఇంకొకరు శుభ్రం చెయ్యాలి. అది హుకుం జారీ చెయ్యదు, పన్ను వసూలు చెయ్యదు, ఎవరినీ ఊరి బయట ఉండమని చెప్పదు. రాణి అని పేరు పెట్టింది మనం.

సైనికుడి దవడలు మరీ పెద్దవి, తన తిండి తను తినలేడు. పనిచెదలు తినిపిస్తేనే బతుకు. ఎలా తినిపిస్తాయి? నోట్లోంచి నోట్లోకి. ఈ ముక్క దగ్గర ఆగి ఆలోచించండి. చెదల సమాజం మొత్తం ఎంగిలి మీద నడుస్తుంది. రాణి తినేది పనిచెద ఎంగిలి. రాజు తినేదీ అదే. చెక్క తినే రకాల్లో, చెక్కని అరిగించే సూక్ష్మజీవులు ఒకరి పేగుల్లోంచి ఇంకొకరి పేగుల్లోకి చేరేది కూడా ఒకరి ఒంట్లోంచి వచ్చింది ఇంకొకరు తినడం వల్లే. అవతలివాడి ఒంట్లోంచి వచ్చింది తినకపోతే చెదపిల్ల కడుపునిండా చెక్క ఉన్నా ఆకలితో చస్తుంది.

మన ఊళ్ళలో? హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఎవరికి తెలియదు? బావి దగ్గర ఎవరు ఎంత దూరంలో నిలబడాలో ఏ చెద నేర్పింది? 1985లో కారంచేడులో దళితుల మీద దాడి మొదలైంది మంచినీళ్ళ చెరువు దగ్గర. నీళ్ళు మురికి చెయ్యొద్దు అన్నందుకు! 1991లో చుండూరులో శవాలని గోనెసంచుల్లో కుక్కి కాలవలో తోశారు. పుట్టలో శవాలని పూడ్చేదీ పనిచెదే, పిల్లలకి తినిపించేదీ పనిచెదే. శవాన్ని ముట్టుకున్నావు కాబట్టి రాణిగారి గదిలోకి రాకూడదు అనే నియమం అక్కడ లేదు.

పని విభజన ఉంటే తప్పేమిటి అంటారు. తప్పు లేదు. అంబేడ్కర్ 1936లో "కుల నిర్మూలన"లో ఈ వాదనకి జవాబు చెప్పి పెట్టాడు: కులం చేసేది పనిని పంచడం కాదు, పని చేసేవాళ్ళని విడగొట్టడం, విడగొట్టి ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేర్చడం. లాహోరులో ఆ ఉపన్యాసం ఇవ్వడానికి పిలిచినవాళ్ళే భయపడి సభ రద్దు చేసుకున్నారు. అప్పటి నుంచీ ఇప్పటి దాకా అదే భయం.

ఉసిళ్ళ పెళ్ళి, మన పెళ్ళి

తొలకరి వాన పడిన సాయంత్రం ఉసిళ్ళు లేవడం మనలో చాలామంది చూసిందే. దీపం చుట్టూ ముసురుకుంటాయి, పొద్దున్నకి గుమ్మంలో రెక్కల కుప్ప. పల్లెల్లో పట్టి వేయించుకు తినేవాళ్ళూ ఉన్నారు. ఆ ఉసిళ్ళు అంతా కలిసి ఒకేసారి ఎందుకు లేస్తాయి? చుట్టుపక్కల పుట్టలన్నిటి నుంచీ ఒకేసారి లేస్తే, ఒక పుట్ట పిల్ల ఇంకో పుట్ట పిల్లవాణ్ణి కలుసుకునే అవకాశం ఉంటుంది. సొంత తోబుట్టువుతో జత కట్టే ప్రమాదం తగ్గుతుంది. ప్రకృతి ఇక్కడ పెళ్ళికి వేసిన పందిరి, పుట్ట బయట వేసింది.

మనం చేస్తున్నది సరిగ్గా దీనికి తలకిందులు. డాలస్‌లో ఉన్నా, దుబాయ్‌లో ఉన్నా, లండన్‌లో ఉన్నా పెళ్ళి సంబంధం దగ్గరికి వచ్చేసరికి పుట్ట దాటం. కులమే కాదు, శాఖ కూడా కలవాలి. పిల్లకి ఐవీ లీగ్ డిగ్రీ, పిల్లవాడికి స్టార్టప్, జాతకంలో పాయింట్లు, అన్నీ అయ్యాక "మనవాళ్ళేనా?" అనే ప్రశ్న.

ఇది అనాదిగా వస్తున్నది అనేవాళ్ళు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తంగరాజ్, లాల్జీ సింగ్ అమెరికా పరిశోధకులతో కలిసి చేసిన జన్యు పరిశోధనలు చూడాలి. 2013లో వచ్చిన పత్రం ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా మన దేశంలో జనాలు విస్తృతంగా కలిసిపోయారు. ఇప్పుడు ఏ కులంలో చూసినా ఆ కలయిక గుర్తులు ఉన్నాయి. ఆ తర్వాతనే తలుపులు మూసుకున్నారు. అంటే మనలో "శుద్ధ రక్తం" ఎవరికీ లేదు, తలుపు మూసిన తేదీ మాత్రం ఉంది.

మూసిన తలుపు వెనక ఏం జరుగుతుందో డాక్టర్లకి బాగా తెలుసు. ఆంధ్ర వైశ్యుల్లో కొందరికి ఆపరేషన్ ముందు ఇచ్చే కొన్ని కండరాల మందులు పడవు. ఒక ఎంజైము లోపం దీనికి కారణం. ఆ కులానిది తప్పని ఈ మాట చెప్పడం లేదు. 2017లో వచ్చిన మరో పరిశోధనలో, పరీక్షించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81 సమూహాలు అష్కెనాజీ యూదుల కంటే, ఫిన్‌లాండు వాళ్ళ కంటే ఇరుకైన మూలాల నుంచి వచ్చినట్టు తేలింది. ఏ కులాన్ని మూసి పెట్టినా ఫలితం ఇదే. ప్రకృతిని సాక్ష్యానికి పిలిచినవాళ్ళు ఈ సాక్ష్యం కూడా వినాలి మరి.

2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులం దాటి పెళ్ళి చేసుకున్న ఒక దళిత యువకుణ్ణి గర్భవతి అయిన భార్య ఎదుటే, ఆస్పత్రి బయట నరికి చంపారు. ఏ పుట్టలో జరుగుతుంది ఇలా?

మరి గీత గట్టిగా ఉన్న చోట?

ఇక్కడ ఒక మిత్రుడు లేచి, "మీరు మీకు అనుకూలమైన చెదలనే చూపించారు" అనవచ్చు. న్యాయమైన ప్రశ్న. నాగుల చవితికి మనం పాలు పోసే పుట్టల్ని కట్టే ఓడోంటోటెర్మెస్ లాంటి రకాల్లో దారులు చిన్నప్పుడే చీలిపోతాయి. పనిచెద దారిలో పడిన పిల్లకి మామూలుగా రెక్కలు రావు. ఆఫ్రికాలోని కొన్ని పెద్ద పుట్ట చెదల్లో ఆడా మగా తేడాని బట్టి కూడా పని మారుతుంది. జపాన్‌లోని ఒక రకంలో కులాన్ని తేల్చడంలో జన్యువుల పాత్ర ఉందని 2007లో ఒక పరిశోధన వచ్చింది. ఇవన్నీ నిజమే.

అయినా మన వాదానికి ఒరిగేదేమీ లేదు. గీత ఎంత గట్టిగా ఉన్నా, పుట్టలో ఆ గీత అటూ ఇటూ ఉన్నది అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. పనివాళ్ళ వంశం ఒకటి, రాజవంశం ఒకటి అని లేదు. పైగా పని ఒంటిని బట్టే కాక వయసుని బట్టీ మారుతుంది. ఫ్రెంచ్ గయానాలో ఒక రకం చెద ఉంది. దాని ముసలి పనివాళ్ళ వీపు మీద నీలిరంగు స్ఫటికాలు పేరుకుంటాయి. శత్రువు వస్తే అవి తమ ఒంటిని పగలగొట్టుకుని విషం చిమ్మి చస్తాయి. ఈ సంగతి 2012లో బయటపడింది. యుద్ధంలో ముందు చచ్చేది అక్కడ ముసలివాళ్ళు. ప్రకృతిని అనుసరిద్దాం అనేవాళ్ళు ఇది కూడా అనుసరిస్తారా? మన సంఘాల పెద్దలు ముందుకి రావాలి మరి!

అసలు మాట ఏమిటంటే, చెదల నుంచి సమానత్వం నేర్చుకోమని కూడా నేను చెప్పడం లేదు. అక్కడ పనిచెదకి సెలవు లేదు, సమ్మె లేదు, చాలా రకాల్లో కళ్ళు కూడా లేవు. చెద చెద, మనిషి మనిషి. చెదలు సమాజంగా బతకడం మొదలుపెట్టి పది కోట్ల ఏళ్ళు దాటింది. అవి బొద్దింకల బంధువులని 2007లో జన్యు పరిశోధన తేల్చి చెప్పింది. మనం బొద్దింకల బంధువులం కాదు. మనకి నోరుంది, రాజ్యాంగం ఉంది, తప్పు జరిగితే ప్రశ్నించే బుద్ధి ఉంది. ఒక దుర్మార్గాన్ని సమర్థించుకోవడానికి పురుగు దాకా దిగవలసి వచ్చిందంటే, ఆ దుర్మార్గానికి మనుషుల్లో సాక్షులు దొరకలేదనే కదా అర్థం?

రెక్కలు రాల్చాక

ఉసిళ్ళ కథలో చివరి భాగం మనకోసమే రాసినట్టుంటుంది. గాలిలో ఎగిరిన వాటిలో ఎక్కువ భాగం పక్షులకీ, బల్లులకీ, కప్పలకీ ఆహారమైపోతాయి. బతికిన జంట నేల మీదికి దిగి, రెక్కలు తామే రాల్చుకుని, తడి మట్టిలో గది తవ్వుకుంటుంది. రాజూ రాణీ కాబోయేవాళ్ళే మట్టి తవ్వుతారు. మొదటి విడత పిల్లలకి వాళ్ళే తినిపిస్తారు, వాళ్ళే శుభ్రం చేస్తారు. అక్కడ వేరే పనివాళ్ళు లేరు మరి.

మనమూ అలాగే వచ్చాం. రెండు సూట్‌కేసులతో దిగి, అంట్లు తోముకున్నాం, బట్టలు ఉతుక్కున్నాం, బాత్‌రూమ్ కడుక్కున్నాం, చెత్త డబ్బా ఈడ్చుకెళ్ళి రోడ్డు పక్కన పెట్టాం. ఊళ్ళో ఏ పనులకి ఏ కులం అని రాసిపెట్టారో, ఆ పనులన్నీ ఇక్కడ మన చేత్తో మనం చేస్తున్నాం. మైల పడిపోలేదు, ఆకాశం విరిగి మీద పడలేదు. కులానికి ఆధారం పని అనేది నిజమైతే, మన కులం ఇక్కడి ఎయిర్‌పోర్టులోనే ఊడిపోయి ఉండాలి. ఊడలేదు. పని పోయింది, పొగరు మిగిలింది.

ఆ మిగిలిన దాని గురించే చట్టాల గొడవంతా. ఇప్పుడున్న చట్టాలే చాలు, కొత్తది అక్కర్లేదు అని న్యూసమ్ అన్నాడు. బ్రిటన్‌లో 2013లో పార్లమెంటు కులాన్ని సమానత్వ చట్టంలో చేర్చమని చెప్పినా, 2018లో ప్రభుత్వం ఆ పని చెయ్యబోమంది. చట్టం కావాలా వద్దా అని వాదించుకోవచ్చు, అది మర్యాదైన చర్చ. నా మటుకు నాకు చట్టం కావాలి. ఎందుకంటే ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాణ్ణి "మీరేమిట్లు?" అని తిప్పి తిప్పి అడిగే సీనియర్ ఉన్నాడు. ఇంటిపేరు పొడుగ్గా చెబితే గానీ రూమ్‌మేట్‌గా చేర్చుకోని ఇల్లు ఉంది. ఆ కుర్రవాడు ఫిర్యాదు చెయ్యాలంటే, కులం అనే మాట ముందు చట్టం పుస్తకంలో కనబడాలి. కులం పేరుతో ఎవరినీ ఏమీ అననివాళ్ళకి ఈ చట్టం వల్ల వచ్చే నష్టం ఏమిటో ఎవరూ చెప్పగా నేను వినలేదు.

చట్టం వచ్చినా రాకపోయినా చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఈసారి మన సంఘం ఎన్నికల్లో ప్యానెల్ చూసినప్పుడు అందులో ఎవరెవరు లేరో లెక్కపెట్టండి. పిల్లల సంబంధం ప్రకటన రాసేటప్పుడు మొదటి లైన్‌లో ఏం రాస్తున్నారో ఒకసారి చదువుకోండి. మీ ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల "కాస్ట్ అంటే ఏమిటి?" అని అడిగినప్పుడు, చెదపురుగుల డాక్యుమెంటరీ చూపించి తప్పించుకోకండి. ఆ పిల్ల బయాలజీ క్లాసులో మనకంటే బాగా చదువుకుంటోంది. పనిచెద, సైనికుడు, ఉసిలి ఒకే తల్లి పిల్లలని దానికి ముందే తెలుసు. మనం చెప్పాల్సింది మన సంగతి.